బుస్తామెరలో మూడో పొగ

మా అమ్మకు అన్నయ్య బెలార్మినో బుస్తామెర. తన ఆవులకు ఊళ్ల పేర్లు పెట్టుకున్నాడు. హవానా, వేరాక్రూజ్, రొసారియో, మనీలా. మా ఇంటిపేరు మోసుకుని ఎవరెవరు ఏయే రేవుల్లో దిగారో ఆ ఊళ్లన్నీ మామయ్య దొడ్లో గడ్డి మేసేవి. "వేరాక్రూజ్ చూడిది, మెల్లగా తోలు" అనీ, "హవానా మళ్లీ కంచె దూకింది, దాని బుద్ధే అంత" అనీ అరుస్తుంటే కొత్తవాళ్లు పిచ్చివాడనుకునేవారు. ఆయన సముద్రం చూసింది ఒక్కసారే, సైన్యంలో చేరమని పిలుపొచ్చి మా స్పెయిన్ ఉత్తర తీరాన ఉన్న శాంతాందేర్ వెళ్లినప్పుడు. చూసి, "ఈ ఉప్పునీళ్ల కోసమా వీళ్లంతా ఊరొదిలింది" అన్నాడట.

బుస్తామెర ముందు ఊరిపేరు, ఆ తర్వాతే మనుషుల పేరు. ఎప్పుడో ఎవరో కొండమీద అడవి కాల్చి, పశువులకు మేతనేల చేశారు. ఆ కాలిన నేలమీద గుడిసె వేసుకున్నవాడికల్లా ఆ పేరే అంటుకుంది. నేల చాలని రోజులొచ్చాయి. పెద్దకొడుకుకి పొలం, చిన్నకొడుకులకి ఓడ. ఓడెక్కినవాళ్లు పేరు తప్ప ఏం పట్టుకెళ్లలేదు. అక్కడ ఆ పేరు ఒక వీధికీ, ఒక చక్కెర మిల్లుకీ, ఒక మందుల కొట్టుకీ, ఒక జైలు అధికారికీ పాకింది. బాగుపడ్డవాడొకడు తిరిగొచ్చి, ఇంటిముందు ఖర్జూరపు చెట్టు నాటి, దాని నీడలో కూర్చునేంత ఎండ మా కొండల్లో ఎప్పుడూ కాయదని తెలుసుకునే లోపు చచ్చిపోయాడు. చెట్టు మాత్రం మంచులో నిలబడి ఉంది, దారి తప్పిన మనిషిలా.

సముద్రాల అవతల వేలమంది బుస్తామెరలు ఉన్నారు. బుస్తామెరలో ఆ పేరుతో మిగిలింది మామయ్య ఒక్కడే. పెళ్లి చేసుకోలేదు. నా పేరులో ముందు నాన్నవాళ్ల ఇంటిపేరుంది. దాని వెనక అమ్మ తరపున బుస్తామెర తోకలా వేలాడుతోంది. నాకు పిల్లలు పుడితే వాళ్లకి ఆ తోకా ఉండదు.

మామయ్యకు ఆ పేరుమీదున్న పిచ్చి అందరికీ తెలుసు. కాని ఆయన్ని తినేసిన చింత అది కాదు, పొగ. మా దగ్గర ఊరంటే రోడ్డుపక్క పేరుపలక కాదు, పొగ. నడిచలికాలంలో కనీసం మూడు ఇళ్ల గొట్టాల్లోంచి పొగ లేవాలి. అలా లేచినంతకాలం ఊరికి తన సభ ఉంటుంది, పైన అడవీ మేతనేలా ఊరివే. మూడుకి తగ్గితే ఊరు ఊరు కాదు. కింది పట్టణంలో కలిసిపోయి దానికొక పేటవుతుంది. ఆ ఊరిసభకు మామయ్యే పెద్ద. ఆయన ఇల్లొకటి, వితంతువు సతుర్నీనా ఇల్లొకటి, సెఫెరీనో తాతది మూడోది. ఆ ఏడు వసంతంలో సెఫెరీనో తాత కాళ్లు పడిపోయి కింద వృద్ధాశ్రమానికి వెళ్లాడు. మూడో గొట్టం చల్లబడింది.

"నువ్వొచ్చి ఉండరా లిసార్దో" అన్నాడు మామయ్య నాతో.

"కింద రొట్టెల బట్టీ ఎవడు రాజేస్తాడు? తెల్లారేసరికి రొట్టె లేకపోతే ఆ పట్టణమోళ్లు నన్ను కాల్చుకుతింటారు."

"చలికాలం మటుకేరా."

"మంచు పడితే దిగే దారుండదు మామయ్యా. నాకున్నది ఆ పనొక్కటే."

మళ్లీ అడగలేదు. ఆయనకు నామీద పెద్ద ఆశ ఉండేది కాదు. నాకూ లేదు.

ఆగస్టులో నా రొట్టెల వ్యాన్‌ని చెయ్యెత్తి ఆపిందొకామె. పొట్టిగా, నలభైకి అటూఇటూ ఉంటుంది. ఆశ్రమంలో ముసలివాళ్లను చూసుకునే ఫిలిప్పీన్స్ ఆవిడని గుర్తుపట్టాను. పేరు లుజ్విమిందా.

"బుస్తామెర వెళ్తావా?"

"వెళ్తా. అక్కడ చూడ్డానికేం లేదు."

"నా పేరుందిగా" అంది, ఎక్కి కూర్చుంటూ.

ఊరి మొదట్లో పలక దగ్గర బండి ఆపించి, దాని పక్కన తన గుర్తింపు కార్డు పట్టుకుని ఫోటో తీయమంది. రెండుచోట్లా ఒకే పేరు. సతుర్నీనా ఇంటి అరుగుమీద మామయ్య ఆ కార్డు తీసుకుని కళ్లకు దూరంగా పెట్టి చదివాడు.

"ఇదెక్కడ దొంగిలించావమ్మాయ్?"

"మా నాన్న దగ్గర, పెద్దాయనా."

"ఆయన?"

"వాళ్ల నాన్న దగ్గర. మాది తరతరాలుగా దొంగల వంశం."

సతుర్నీనా నవ్వి నవ్వి దగ్గు తెచ్చుకుంది. మామయ్య మొహం వెలిగిపోయింది. ఆమెని దొడ్డివైపు లాక్కెళ్లి, "ఇదిగో మీ మనీలా" అని నల్లావుని చూపించాడు. ఆమె దాని గంగడోలు నిమిరింది. "మా మనీలా కంటే శుభ్రంగా ఉంది."

"మా ముత్తాత తమ్ముడొకాయన సన్యాసం పుచ్చుకుని మీ దీవులకి వెళ్లాడు. నువ్వు ఆయన తాలూకే అయ్యుంటావు."

"సన్యాసికి మనవరాళ్లెక్కడి నుంచొస్తారయ్యా?" అంది సతుర్నీనా.

"అందరూ నీ మొగుడంత నిజాయితీగా ఉంటారా ఏంటి?"

లుజ్విమిందా నవ్వి ఊరుకుంటే సరిపోయేది. కాని ఆమెకి అబద్ధం రాదు. "లేదు పెద్దాయనా. అప్పట్లో మా దీవుల్ని ఏలిన మీ గవర్నరొకాయన మావాళ్లందరికీ ఇంటిపేర్లుండాలన్నాడట. పేర్ల జాబితా తెచ్చి ఊరికో అక్షరం పంచారు. మాకు 'బ' వచ్చింది. మా వీధి వీధంతా 'బ'లే. మా తాతల్లో ఎవరికో ఇది తగిలింది. మీ మనిషెవరూ మా ఇంటి గడప తొక్కలేదు."

మామయ్య కార్డు ఆమె చేతికిచ్చేశాడు. మర్నాటినుంచి ఆ ఆవుని మనీలా అని పిలవలేదు, 'ఆ నల్లది' అనేవాడు.

ఆమె మాత్రం మళ్లీ వచ్చింది, సెఫెరీనో తాత ఇచ్చిన తాళంచెవితో. తన దేశంలో పన్నెండేళ్ల కూతురుంది. పిల్లని తెచ్చుకోవాలంటే ఇల్లు కావాలి. కింద అద్దెకు దొరికినవన్నీ గదులే. "పొగ పెట్టు తల్లీ, మూసిన ఇల్లు ముసలాళ్లకంటే తొందరగా పోతుంది" అన్నాడట తాత. ఆశ్రమంలో పనిచేసి రోజూ పైకి వస్తానంది. మంచు పడితే నడిచి వస్తానంది. ఆమె నడవగలదని చూస్తేనే తెలుస్తుంది.

కొత్త ఇల్లు చేరాలంటే ఊరిసభ ఒప్పుకోవాలి. మా పద్ధతి ఇది. చర్చి వసారాలో గంట కొట్టి కూర్చుంటారు. వెండి అంచున్న కొయ్య కప్పులో తెల్ల వైన్ పోస్తారు. వచ్చిన మనిషి ముందు తాగి పక్కవాళ్లకిస్తుంది. ఒప్పుకున్నవాళ్లు తాగుతారు. ఒక్కరు బోర్లించినా అయిపోయినట్టే, కారణం చెప్పక్కర్లేదు. ఇద్దరే ఉన్న సభకు మామయ్య గంట పూర్తిగా కొట్టాడు, కొండవతలివాళ్లెవరో వస్తారన్నట్టు.

లుజ్విమిందా తాగింది. సతుర్నీనా తాగి మూతి తుడుచుకుని, "పుల్లగా ఉంది, అయినా మంచిదే" అని మామయ్యకిచ్చింది.

మామయ్య కప్పు బోర్లించాడు. వైన్ రాళ్ల సందుల్లోకి పోయింది.

"ఏమయ్యా బెలార్మినో, బుద్ధుందా? మూడో పొగ నడిచొస్తే తన్నేస్తావా?"

"హెరార్దో వస్తున్నాడు, వేరాక్రూజ్ నుంచి. చలికాలం ఉంటానని ఫోన్‌లో మాటిచ్చాడు. అతను ఓడెక్కిన మా చిన్నాన్న మనవడు, మావాడు. ఇంటిపేరు నెత్తుట్లోంచి రావాలి, గవర్నరు సంచిలోంచి కాదు."

"నీ నెత్తురెక్కడిదిరా?" సతుర్నీనాకి కోపమొస్తే వయసూ వరసా ఉండవు. "మీ ముత్తాత బొగ్గులు కాల్చుకోడానికి కొండవతల నుంచొచ్చాడు, ఏ పేరూ లేకుండా. మా ముత్తాతలు ఈ కప్పే ఇచ్చారు. ఇక్కడ పొగ పెట్టాడు కాబట్టి బుస్తామెర అయ్యాడు. ఈమెకి ఆ పని కూడా లేదు, పేరు ముందే ఉంది."

మామయ్య లేచి గంటతాడు కట్టేసి వెళ్లిపోయాడు.

దిగేటప్పుడు వ్యాన్‌లో లుజ్విమిందా ఏడవలేదు. "మా అమ్మకి చెప్పాను, మన పేరుతో ఒక ఊరుందని" అంది. ఇంకాసేపటికి, "చెప్పకుండా ఉండాల్సింది" అంది. నెల తిరక్కుండా బిల్బావోలో ఏదో ముసలిదాన్ని చూసుకునే పని దొరికి వెళ్లిపోయింది.

అక్టోబరులో హెరార్దో బుస్తామెర దిగాడు. మామయ్య ముక్కే అతని మొహంమీదుంది, అది నిజం. పలకని కౌగిలించుకున్నాడు. గడప ముద్దుపెట్టుకున్నాడు. "బాబాయ్, నేనిప్పుడు మనిషినయ్యాను" అని మామయ్య భుజంమీద పడి ఏడ్చాడు. మామయ్య కూడా ఏడ్చాడు. ఆయన ఏడవడం అమ్మ చనిపోయినప్పుడు కూడా నేను చూడలేదు. కప్పు అందరూ తాగారు. సతుర్నీనా కూడా, కళ్లు మూసుకుని, చేదు కషాయం తాగినట్టు. లుజ్విమిందా తిరిగిచ్చి వెళ్లిన సెఫెరీనో తాత తాళంచెవి మామయ్య తనే ఆశ్రమానికి వెళ్లి తెచ్చాడు. బీన్సూ క్యాబేజీ వేసిన పులుసు కుండెడు వండాడు.

హెరార్దో కట్టెలు కొట్టేవాడు, ఫోన్‌ని గోడమీద నిలబెట్టి. వీడియో అయ్యాక మిగిలిన కట్టెలు మామయ్య కొట్టేవాడు. పొగ మాత్రం లేచింది. మూడు గొట్టాలు. మామయ్య పొద్దున్నే రోడ్డు మలుపుదాకా వెళ్లి నిలబడి వెనక్కి తిరిగి చూసుకునేవాడు. అక్కణ్నుంచయితే మూడూ ఒకేసారి కనిపిస్తాయి.

డిసెంబరులో హెరార్దోకి స్పెయిన్ పౌరసత్వం వచ్చింది. మా ఊరి చర్చిలో దొరికిన వాళ్ల తాత బాప్తిస్మపు కాగితం దానికి పనికొచ్చిందట. ఆ వారంలోనే బార్సిలోనాలో కూతురి దగ్గరికి ప్రయాణం కట్టాడు. "పండక్కి వెళ్లొస్తా బాబాయ్" అన్నాడు. వెళ్తూ మా పాత ఇంటి కూలిన గోడలోంచి ఒక రాయి అడిగాడు. మామయ్యే మంచిదేరి, కడిగి, గుడ్డలో చుట్టిచ్చాడు. పెట్టెలో రాయి పెట్టుకున్నవాడు తిరిగొస్తాడా అని నేనడగలేదు.

పండగ వెళ్లింది. నేను రొట్టెలు తీసుకెళ్తే మామయ్య ఎప్పటిలా, "నాకొకటి, హెరార్దోకొకటి" అనేవాడు.

"వచ్చాడా?"

"వస్తున్నాడు."

"మరి రొట్టె ఎవరికి?"

"నువ్వు రొట్టెలమ్మేవాడివా, పోలీసువా?"

సతుర్నీనా ఇంటి దగ్గర గొంతు తగ్గించి చెప్పింది. "తెల్లారకుండా వెళ్లి ఆ ఇంట్లో వెలిగిస్తాడు. తర్వాత వచ్చి తన ఇంట్లో. మధ్యాహ్నం మళ్లీ అక్కడ. కట్టెలు రెండిళ్లకి చాలక ఖర్జూరపు చెట్టు నరికాడు. అది మండలేదు, కంపు కొట్టింది. చెప్పినా వినడు. ఆవులమ్మేశాడు తెలుసా? వాటిని చూసుకోడానికి తీరిక లేదంట."

నాకు తెలీదు. దొడ్డి చూశాను. ఖాళీ. చివరిది 'ఆ నల్లది' వెళ్లిందట. లారీ ఎక్కించేటప్పుడు దాన్ని మనీలా అని పిలిచాడని సతుర్నీనా అంది.

ఫిబ్రవరిలో పొగ చూడ్డానికి కింది పట్టణం కార్యాలయం నుంచి గుమాస్తా వస్తాడు. ఆ ఏడు మంచు మోకాళ్లదాకా ఉంది. అతని కారు ఎక్కదని నా వ్యాన్‌కి గొలుసులు కట్టి తీసుకెళ్లాను. మంచివాడే. దారంతా చేతులు ఊదుకుంటూ, "మూడుంటే బాగుండు, నాకూ ఆ ముసలాయనతో గొడవుండదు" అన్నాడు. మలుపు తిరిగాం.

"ఒకటి" అన్నాడు. సతుర్నీనాది.

"రెండు." సెఫెరీనో తాతది. దట్టంగా, తెల్లగా, కొత్తగా వెలిగించిన పొగ.

మూడోదాని కోసం చేత్తో అద్దం తుడిచాడు. నేనూ చూశాను. మామయ్య ఇంటి గొట్టంమీద మంచు పేరుకుని ఉంది.

మామయ్య సెఫెరీనో తాత ఇంట్లో పొయ్యి ముందు నేలమీద పడున్నాడు. తుంటి విరిగింది. పొద్దుట మంట రాజేసి లేవబోతే జారాడట. మంట నిండుగా ఉంది. పడున్నచోటి నుంచే చేతికందిన కట్టెలన్నీ అందులోకి తోశాడు. చెయ్యి కాలింది.

"హెరార్దో బయటికెళ్లాడు" అన్నాడు గుమాస్తాతో. "ఇది వాడి పొయ్యి. నాది నేనిప్పుడే వెళ్లి వెలిగిస్తా. కొంచెం ఆగు బాబూ. ఒరేయ్ లిసార్దో, నన్ను లేపు."

గుమాస్తా టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు. గడపలోంచి బయటికి చూశాడు. మంచులో అడుగుల జాడ ఒక్కటే ఉంది, మామయ్య ఇంటి నుంచి ఇక్కడికి. "నేను మలుపు దగ్గర చూసిందే రాయాలి పెద్దాయనా" అన్నాడు. తర్వాత నాతో కలిసి ఆయన్ని మోశాడు. వ్యాన్‌లో రొట్టెల బుట్టల మధ్య పడుకోబెట్టాం.

వసంతంలో ఊరి మొదట్లో పలక తీసేశారు. దాని చోట కింది పట్టణం పేరున్నది పెట్టారు, కింద చిన్న అక్షరాల్లో 'బుస్తామెర పేట'. సతుర్నీనాని కొడుకు తీసుకెళ్లిపోయాడు. హెరార్దో వేరాక్రూజ్ నుంచి ఫోటో పంపాడు. ఆ రాయిని గేటు స్తంభంలో కట్టించి, దానిమీద ఇంటిపేరు చెక్కించుకున్నాడు. చుట్టూ బోగన్‌విల్లా.

ఆ ఫోటో మామయ్యకు చూపించలేదు. ఆశ్రమంలో సెఫెరీనో తాత పక్క మంచమే ఆయనది. నన్ను ఒక్కొక్కప్పుడు గుర్తుపడతాడు. మొన్న నా చెయ్యి పట్టుకుని అడిగాడు.

"ఆ పొట్టి అమ్మాయి పేరేంటన్నావు?"

"లుజ్విమిందా."

"అది కాదురా. ఇంటిపేరు."

"బుస్తామెర."

గది పైకప్పు కేసి చూశాడు. అక్కడ లైటు తప్ప ఏం లేదు. "అయితే మనమ్మాయే. రమ్మను. ఊరి కప్పు కడిగి పెట్టు. ఈసారి నేనే ముందు తాగుతా."

"చెప్తాలే మామయ్యా" అన్నాను.

లుజ్విమిందా కూతురు బిల్బావోలో బడికి వెళ్తోంది. వాళ్లకి ఇల్లు దొరికింది. మా ఊరి కప్పు కింది పట్టణం కార్యాలయంలో, మెట్ల పక్కన అద్దాల బీరువాలో ఉంది. రొట్టెలు ఇవ్వడానికి వెళ్లినప్పుడల్లా దాని ముందు నుంచే వెళ్తాను. ఎవరు పెట్టారో గాని, బోర్లించి పెట్టారు.