చివర వచ్చినవాడికి మొదటి కత్తెర

సెలూనాయన జుట్టు కత్తిరించడంలో దిట్ట, కార్డులాటలో మొద్దు. రెండో మాట ఆయన బావమరిది అన్నది. ఈ బావమరిదికి మందుల షాపులో పని. భోజనాల వేళకి సెలూన్‌లో దిగి, అద్దం ముందు దువ్వెనలు పక్కకు నెట్టి, రాక్షసుల బొమ్మలున్న కార్డులు పరిచేవాడు. ప్యాకెట్లు కొని, స్నేహితులతో మార్పిళ్ళు చేసి కూడబెట్టిన కార్డులవి. బావగారు ఇంతవరకూ ఒక్క ఆట గెలిస్తే ఒట్టు.

కొంప ముంచేది ఒకే రూలు. నువ్వో కార్డు వేస్తావు. అది పనిచేసేలోపు అవతలివాడు దానికి జవాబుగా ఇంకోటి వెయ్యొచ్చు. దానిమీద నువ్వు మరోటి. ఇద్దరూ చాలనుకున్నాక, చివర పడ్డ కార్డు ముందు పనిచేస్తుంది. ముందు పడ్డది అన్నిటికన్నా ఆఖర్న, అదీ అప్పటికి బతికుంటే.

"ఇదెక్కడి న్యాయంరా? నా డ్రాగన్ ఇందాకట్నుంచీ ఇక్కడే పడుంది. నీ చిట్టెలుక ఇప్పుడొచ్చి దాన్ని మింగేస్తుందా?"

"మింగేస్తుంది బావా. ఇది చదివితే వచ్చేది కాదు, ఒంటికి పట్టాలి. రోజంతా దాంతోనే బతికి చూడు."

ఇంకెవరైనా నవ్వేసి ఊరుకునేవారు. సెలూనాయన మాత్రం చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. స్కూటర్ నేర్చుకునే రోజుల్లో ఎవరో "వెనక్కి చూడకు" అన్నారని తిన్నగా పక్క ఊరికి వెళ్ళాడు. వెనక కూర్చోవాల్సిన పెళ్ళాం బయల్దేరిన చోటే నిలబడి ఉందన్న సంగతి అక్కడికి వెళ్ళాక తెలిసింది.

మర్నాడు పొద్దున సెలూన్‌లో ఆ రూలు అమల్లోకి వచ్చింది.

అందరికన్నా ముందొచ్చింది పోస్ట్‌మ్యాన్. మధ్యాహ్నం రిజిస్ట్రారు ఆఫీసులో అతని పెళ్ళి. తల చూస్తే పిచ్చుకలు కాపురం పెట్టి, వసతి నచ్చక ఖాళీ చేసిన గూడులా ఉంది.

"అన్నా, మనిషిలా కనిపిస్తేనే సంతకం పెడతానంది. లేకపోతే వచ్చిన రిక్షాలోనే వెనక్కి వెళ్ళిపోతుందట. నీదే భారం."

సెలూనాయన గుడ్డ కప్పబోతుంటే టైలరు లోపలికొచ్చాడు.

"లే తమ్ముడూ. నీమీద టైలరు పడ్డాడు."

టైలరు మీద పాలాయన పడ్డాడు, పాలాయన మీద ట్యూషన్ మాస్టారు. సెలూనాయన ఆటలో అడిగినట్టే ఒక్కొక్కరి మొహంలోకీ చూసి, "మీరేమైనా చేస్తారా, వదిలేస్తారా?" అని అడుగుతున్నాడు.

"నేనేం చేస్తానయ్యా? చెయ్యాల్సింది నువ్వు కదా, గడ్డం!" అన్నాడు మాస్టారు.

మాస్టారి గడ్డం అయ్యేలోపు ఇంకో ఇద్దరు దిగారు. పోస్ట్‌మ్యాన్ అడుక్కి, ఇంకా అడుక్కి పోతున్నాడు.

"అన్నా, నువ్వు షట్టర్ ఎత్తకముందే వచ్చాను కదా!"

"నువ్వు చేసిన పొరపాటు అదే."

పోస్ట్‌మ్యాన్ కాసేపు గోళ్ళు కొరుక్కుని, చటుక్కున లేచి బయటికెళ్ళి, తలుపు తోసుకుని మళ్ళీ లోపలికొచ్చాడు. సెలూనాయన మొహం చాటంత అయింది.

"శభాష్! బయటికెళ్ళి తిరిగొచ్చిన కార్డు కొత్త కార్డు కింద లెక్క. దాని పాత సంగతులన్నీ చెరిగిపోతాయి. రా, కూర్చో!"

ఎడమవైపు పొందిగ్గా కత్తిరించాడు. ఈ ఉపాయం చూసిన టైలరు ఊరుకుంటాడా? వాడూ బయటికెళ్ళి లోపలికొచ్చాడు. ఎడమవైపు పని ఒక కార్డు, కుడివైపు పని ఇంకో కార్డు, మధ్యలో టైలరు పడ్డాడు అంటూ సెలూనాయన పోస్ట్‌మ్యాన్‌ని లేపేశాడు. పోస్ట్‌మ్యాన్ మళ్ళీ బయటికెళ్ళి వచ్చాడు. సెలూనాయన మళ్ళీ ఎడమవైపే కత్తెర పెట్టాడు.

"అటువైపు అయిపోయిందన్నా!"

"అది పాత పోస్ట్‌మ్యాన్‌కి. నువ్వు కొత్తగా వచ్చావు."

ఇక చూడాలి తమాషా. ఒకడి వెనక ఒకడు వీధిలోకి వెళ్ళడం, లోపలికి రావడం. ఎవడి గడ్డమూ సగం దాటలేదు. పోస్ట్‌మ్యాన్ కూర్చున్నప్పుడల్లా ఎడమవైపు ఇంకాస్త పల్చబడుతోంది. కుడివైపుకి మాత్రం పిచ్చుకలు ఎప్పుడైనా తిరిగి రావచ్చు.

అంతలో క్యారియర్ పట్టుకుని సెలూనాయన భార్య వచ్చింది. వీధిలో సగం నురగ మొహాలతో తిరుగుతున్న పెద్దమనుషుల్ని చూసింది. అద్దం ముందు ఏడుపొక్కటే తక్కువగా ఉన్న పెళ్ళికొడుకుని చూసింది.

"మా తమ్ముడికెలాగూ బుద్ధి లేదు. మీకేమొచ్చిందండీ?" అంటూ మిగతావాళ్ళందరూ బయటున్న క్షణం కనిపెట్టి, తలుపుకి గొళ్ళెం పెట్టింది. "ఇంకెవరూ పడరు. కానివ్వండి."

సెలూనాయన ఆ గొళ్ళెంకేసి భక్తిగా చూశాడు. ఇంత బలమైన కార్డు బావమరిది కట్టలో ఒక్కటీ లేదు.

"తమ్ముడూ, నువ్వేమైనా చేస్తావా?"

"వదిలేశానన్నా! అన్నీ వదిలేశాను!"

కుడివైపు నేల రాలింది. ఎడమవైపుకి సరిపోవాలంటే తలంతా నున్నగా గీకక తప్పలేదు.

రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల దగ్గర పెళ్ళికూతురు రిక్షావాణ్ణి ఇంకా పంపెయ్యలేదు. పోస్ట్‌మ్యాన్ టోపీ తీశాడు. వెంట వచ్చిన సెలూనాయన దాన్ని అందుకుని వెనక్కి తగ్గాడు. ఆమె చుట్టూ తిరిగి, ముందు నుంచీ వెనక నుంచీ తీరుబడిగా పరీక్షించింది.

"నీకు చెవులున్నాయా!" అంది. "ఇన్నాళ్ళూ నేను చెప్పినవేవీ వినకపోతే లేవేమో అనుకున్నాను."

రిక్షాని పంపేసి, కలం అడిగింది.