పాత ఇంజన్, కొత్త పట్టాలు

రాయ్‌పూర్‌లో నర్సుగా చేస్తున్నాను. డ్యూటీ దిగాక కంప్యూటర్లో కార్ల రేసు ఆడటం నా సరదా. ఆమధ్య, ఎంత వేగాన్నైనా తడబడకుండా చూపే గేమింగ్ మానిటర్ కొంటానన్నాను. లోకో పైలట్ అయిన మావారు, "పట్టాలు కొత్తవైతే చాలా? మన పాత ఇంజన్ లాగొద్దూ!" అన్నారు.

తేల్చుకుందామని ఆ ఇంజన్నే, అంటే మా పాత సీపీయూనే, ఆటోలో వేసుకుని తెలీబంధా పేటలోని కంప్యూటర్ షాపుకెళ్లాను. కొత్త మానిటర్‌కు తగిలించి ఆన్ చేస్తే ఫ్యాన్ గుప్పున దుమ్ము కొట్టింది. తెర మాత్రం నల్లగానే ఉంది.

"ఆంటీజీ, యే తో పురానా డబ్బా హై!" అన్నాడు షాపతను, ఇది పాత డబ్బా అని తేల్చేస్తూ. అక్కడున్న కుర్రాళ్లంతా నవ్వారు. నా చెవులు వేడెక్కిపోయాయి. అయినా కదల్లేదు.

"పహలే వైర్ బదలో భయ్యా" అన్నాను.

వైరు మార్చగానే తెర వెలిగింది. అందరి ముందూ నిలబడే రేసు ఆడాను. బొమ్మల మెరుగులు కాస్త తగ్గించాల్సి వచ్చింది గానీ కారు ఎక్కడా తడబడలేదు. ఆ నవ్వులకు బెదిరి వచ్చేసుంటే నా డబ్బా సత్తా నాకే తెలిసేది కాదు.

మానిటర్ ఒళ్లో పెట్టుకుని ఆటోలోంచే మావారికి ఫోన్ చేశాను: "సిగ్నల్ ఇవ్వండి, బండి వస్తోంది!"