పంచె మీద ఆరిన అన్నం

బండి మామ పోయాడని అమ్మ ఫోన్ చేసేసరికి దహనం కూడా అయిపోయింది. హొసకోటెలో నా వంటింట్లో ఫోన్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. బస్సెక్కితే పుట్టింటికి గంటన్నర దారి. ఆయనకు నేను ఒక్క మాట చెప్పాల్సి ఉంది. ఏడేళ్ళుగా చెప్పలేదు.

కాటన్‌పేటలో పెరిగినవాళ్ళకు తొంభైలలో మా వీధి మలుపులో సాయంత్రాలు నిలిచే ఫ్రైడ్ రైస్ బండి గుర్తుండే ఉంటుంది. ఆ బండాయన మాకు చుట్టం కాదు, పక్కింటాయన. కానీ పిల్లలందరికీ మామే. వయసులో ఉండగా ఒక చైనా హోటల్లో ప్లేట్లు కడుగుతూ, కలకత్తా నుంచి వచ్చిన చైనా వంటమేస్త్రి పని చూసి నేర్చుకున్నాడట. మేస్త్రి అన్నంలో గుడ్డు, ఉల్లికాడలు, సోయా సాస్ వేసేవాడు. మెజెస్టిక్ బస్టాండు వైపు బండ్లవాళ్ళు ఎర్రరంగు కలిపేవారు. మా పేటలో గుడ్డు ముట్టని ఇళ్ళే ఎక్కువని మామ గుడ్డు మానేసి కరివేపాకు, పచ్చిమిరపకాయలు వేశాడు.

"ఇది చైనా వాళ్ళదా, మనదా మామా?" అని ఒకసారి అడిగాను.

"మా అమ్మ రాత్రి మిగిలిన అన్నానికి పొద్దున తిరగబాత పెట్టేది. చైనాలో మటుకు అన్నం మిగలదా? ఆ తల్లి గూడా పారేసిండదు పాపా."

మధ్యాహ్నమే అన్నం వార్చి, ఉతికిన తెల్లపంచె మీద పరిచి ఫ్యాను వేసేవాడు. నడుమ నడుమ అరచేయి ఆనించి చూసేవాడు. "బాగా చల్లారల్ల పాపా. యేడి మీద కలిపితే ముద్దయితాది." ఈ మాట వినీ వినీ నాకు విసుగొచ్చేది.

నా పెళ్ళికి రిసెప్షన్‌లో ఫ్రైడ్ రైస్ ఉండాల్సిందేనని పట్టుబట్టింది నేనే. మామ పొంగిపోయాడు. "నీ పెండ్లికి పాత పంచెనా?" అంటూ అన్నం ఆరబోయడానికి కొత్త పంచె కొన్నాడు. పెళ్ళి రోజు పొద్దున సత్రం వంటశాలలో పంచె నిండా అన్నం ఆరుతుంటే మా అవ్వ వచ్చి చెయ్యి పెట్టి చూసింది.

"శుభమా అని పెండ్లి జరగతా ఉంటే చద్దికూడు పెడతారా? తీసి పారేయండి!"

"పొద్దునే వండింది అమ్మా, చద్ది గాదు."

"చల్లగుంటే చద్దే!"

నేను పక్కగది గుమ్మంలోనే ఉన్నాను. మామ నా వైపు చూశాడు. అన్నం ఎందుకు చల్లారాలో ఆ సత్రంలో ఆయన తరువాత తెలిసినది నాకొక్కదానికే. వెనకాల అత్తగారివాళ్ళు ఉన్నారు. నేను తల దించుకుని గాజులు సర్దుకున్నాను. ఎంత పిరికిదాన్నో!

అన్నమంతా ఎత్తి పారబోశారు. వేడివేడిగా మళ్ళీ వండించి, అదే బాండలిలో వేయించారు. ముద్దయింది. "ఫ్రైడ్ రైస్ అంటిరి, ఇది పొంగలి కదప్పా!" అని బంతిలో నవ్వులు. మామ గరిటె ఎవరికీ ఇవ్వలేదు. చివరి ఆకు దాకా తనే వడ్డించాడు.

వెళ్ళేటప్పుడు, "పెండ్లికూతురు నోరు తెరవకూడదులే పాపా, నీ తప్పేముండాది" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ తరువాత పుట్టింటికి వచ్చినప్పుడల్లా వెనక సందులోంచే పోయాను. బండి వాసన మాత్రం సందు దాకా వచ్చేది.

మూడోనాడు మా అమ్మ వంటింట్లో అన్నం వార్చాను. నాన్న పంచె మీద పరిచి ఫ్యాను వేశాను. మైల ఇల్లు కదా, ఉల్లి వేయలేదు. కరివేపాకు, పచ్చిమిరపకాయలతో వేయించి తీసుకుపోయి మామ భార్య ముందు పెట్టాను. ఆమె ఒక ముద్ద తీసుకుని వేళ్ళతో విడదీసి చూసింది.

"పొడిపొడిగా వచ్చిందే. ఎవరు నేర్పిచ్చినారు పాపా?"

"మామే అత్తా. అన్నం చల్లారాలని మామే చెప్పాడు. ఆ రోజు నాకు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు."

ఆమె నా మొహంలోకి చూడలేదు. మెతుకులు విడదీస్తూనే అంది:

"నీ పెండ్లికి కొన్న పంచెని ఆయప్ప మళ్ళా బండికి వాడనే లేదు. ఉతికి పెట్లో పెట్టుకొనినాడు. మొన్న అంత పొద్దున్నే కొత్తది తెచ్చేదానికి అంగళ్ళు యాడ తెరిచుండాయి? ఆయప్పకి దాన్నే కప్పి పంపిస్తిమి."

నేను చెయ్యి అన్నం మీద ఆనించి కూర్చున్నాను. అప్పటికది పూర్తిగా చల్లారిపోయి ఉంది.