కడుపులో రాళ్లు, భుజానికి కట్టు

శాలిబండలోని మా ఇంట్లో ఎవరికి ఎక్కడ నొప్పెట్టినా అత్తమ్మ నోట ముందుగా వచ్చే మాట "పహిల్వాన్". ఎముకలు సరిచేసి కట్టు కట్టే ఆయన ఉండేది మా గల్లీలోనే.

పోయినేడు ఓ పెళ్లి దావత్‌లో మటన్ బిర్యానీ దండిగా తినొచ్చిన మావారు కుడి భుజం పట్టుకుని కూలబడ్డారు.

"దవఖానకు పోదాం" అన్నాను.

"దవఖాన ఎందుకు? నరం పట్టింది, గంతే!" అంది అత్తమ్మ.

పహిల్వాన్ నూనె పోసి, చెయ్యి మెలిపెట్టి, గుడ్డు సొన రాసి కట్టు కట్టాడు. నొప్పి తగ్గకపోగా వాంతులు మొదలయ్యాయి. ఇక నేనెవరి మాటా వినలేదు. ఆటో ఎక్కించి ఆస్పత్రికి లాక్కెళ్లాను.

డాక్టరు కట్టు జోలికే పోకుండా పొట్ట మీద చెయ్యేశాడు.

"భుజం నొస్తుంటే కడుపు చూస్తరేంది సార్?" అని మావారు లొల్లి.

డాక్టరు కుడి పక్కటెముకల కింద ఒక్క నొక్కు నొక్కాడు. మావారి కేకకు వరండాలో జనమంతా లేచి నిలబడ్డారు.

స్కాన్ తీస్తే పిత్తాశయంలో రాళ్లు! అక్కడి నొప్పీ, భుజం నొప్పీ ఒకే దారిలో మెదడుకు చేరతాయట. అందుకే మెదడు చిరునామా పొరబడుతుందట.

ఆపరేషనైన మర్నాడు మళ్లీ అదే భుజం! ఆపరేషన్ కోసం పొట్టలో నింపిన గ్యాస్ వల్లేననీ, రెండ్రోజుల్లో పోతుందనీ చెప్పారు. ఊపిరి పీల్చుకుని, మందులు కొనుక్కొచ్చేసరికి మంచం పక్కన అత్తమ్మ, ఆమె వెనక నూనె సీసాతో పహిల్వాన్!

మెదడైనా చిరునామా పొరబడుతుందేమో గానీ, మా అత్తమ్మ మాత్రం పహిల్వాన్ చిరునామా ఎన్నడూ మరిచిపోదు.