మొగులయ్య ఊదిన ఊపిరి

హైదరాబాదు పాతబస్తీ జహనుమాలో పాలు పోసే మొగులయ్యకు ఏది కనబడ్డా "ఎందుకట్ల?" అని అడగనిదే మనసు ఊరుకోదు. నాలుగేండ్ల కింద వాళ్ల గల్లీ చివర ప్లాస్టిక్ గోదాము అంటుకుంది. ఫైరింజన్ ఆ ఇరుకులోకి రాలేకపోయింది. తడి తువ్వాల మూతికి చుట్టుకొని లోపలికి ఉరికిన ఎనిమిది మందిలో అతనొకడు. ఇద్దరు కూలీలను భుజాన వేసుకొని బయటికి తెచ్చాడు.

అప్పటినుంచి ఆ ఎనిమిది మందినీ ఆరునెలలకోసారి దవాఖానకు పిలిచి, ఒక గొట్టంలోకి గట్టిగా ఊదిస్తున్నారు. మొదటిసారి డాక్టర్ కీర్తిప్రియ "మూడు లీటర్లు" అంటే మొగులయ్య తెల్లబోయాడు. "ఊపిరి గూడ లీటర్లల్లనే కొలుస్తరా మేడం?"

ఈసారి అంకె రెండున్నరకు దిగింది.

"నాకు ఆయాసమే లేదు. నిండు క్యాను ఇప్పటికీ ఒక్కన్నే లేపుత. మరెందుకు దిగింది?"

"పొగ కొట్టిన దెబ్బ మీకు తెలియకముందే ఇక్కడ కనపడుతుంది. వయసుతో కొంత తగ్గుతుంది గానీ, మీది అంతకంటే ఎక్కువ తగ్గింది. అందుకే ఏండ్ల తరబడి చూస్తున్నాం."

ఇంటికి పోతుంటే ఒకటే ఆలోచన తొలిచింది. తాను పొగలో ఉన్నది గంటసేపు. మంటలారినాక వారం రోజులు ఆ బూడిద ఎత్తిపోసిన ఆడోళ్ల సంగతేంది? ఎవర్నీ కాపాడలేదని వాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు.

వాళ్లలో ఒకరైన రుక్మిణమ్మ ఇంటికి తిన్నగా పోయాడు. ఆమె మెట్ల మధ్యలో గోడకానుకొని ఊపిరి తీసుకుంటోంది.

"అక్కా, గీ దమ్ము ఎప్పటిసంది?"

"వయసు మీద పడ్తలేదా తమ్మీ?"

"గోదాము కాలకముందు ఉండెనా?"

ఆమె ఆలోచనలో పడింది. "లేకుండె," అంది నెమ్మదిగా. "అప్పుడు బిందె ఎత్తుకొని ఎక్కుతుంటి."

మర్నాడు దవాఖానకు తోలుకపోతే, ఆమె ఊదిన అంకె ఒకటిన్నర దాటలేదు. కీర్తిప్రియ మూడుసార్లు ఊదించి చూసింది. తర్వాత కొత్త కాగితం తీసి, "ఆ వారం మీతో ఇంకా ఎవరెవరున్నారమ్మా?" అని అడిగింది. రుక్మిణమ్మ ఐదుగురి పేర్లు చెప్పింది.

ఆరునెలలు మందు పీల్చినాక రుక్మిణమ్మకు ఆయాసం సగం తగ్గింది. మొగులయ్య అంకె పెరగలేదు, తగ్గనూ లేదు.

"ఎందుకు ఆగింది మేడం?"

"నిజంగా తెలీదు. ఇంకో రెండేండ్లు చూస్తే తెలుస్తుందేమో."

తెలీదని ఒప్పుకున్న డాక్టర్ అతనికి మస్తు నచ్చింది. రుక్మిణమ్మకు తగ్గింది చూసి ఇన్నాళ్లకు ఊదడానికి ఒప్పుకున్న ఆ ఐదుగురు ఆడోళ్లు బయట బెంచీ మీద భయంభయంగా కూర్చున్నారు. మొగులయ్య వాళ్ల ముందు నిలబడి, బుగ్గలు పూరించకుండా ఎట్ల ఊదాలో చూపెట్టడం మొదలుపెట్టాడు.