మడత విప్పని స్కర్టు

2023 జూన్. బడులు తెరవడానికి ఇంకా కొన్ని రోజులున్నాయి. దిల్‌సుఖ్‌నగర్ నుంచి కర్మన్‌ఘాట్ పోయే దారిలో, ఒక కాలనీ మొదట్లో నా టైలరింగ్ షాపు. కాలనీ లోపలున్న ప్రైవేటు స్కూలుకు చాలా ఏళ్లుగా యూనిఫాంలు నేనే కుడుతున్నాను.

ఆ స్కూల్లో ఒక పద్ధతి ఉంది. ఎండాకాలం సెలవులకు ముందు గేటు దగ్గర పెద్ద అట్టపెట్టె పెడతారు. తమ పిల్లలకు పొట్టివైపోయిన యూనిఫాంలను కాలనీవాళ్లు ఉతికి, ఇస్త్రీ చేసి అందులో వేస్తారు. అవి నా దగ్గరికొస్తాయి. గుండీలు కుట్టి, చిరుగులు సరిచేసి, అవసరమున్న పిల్లల కొలతకు ఆల్టరేషన్ చేసిస్తాను. కూలి తీసుకోను. ఎవరిచ్చారో తీసుకున్నవాళ్లకు, ఎవరు తీసుకున్నారో ఇచ్చినవాళ్లకు తెలియకూడదన్నది హెడ్‌మిస్ట్రెస్ పెట్టిన నియమం. మంచి నియమమే.

ఆ ఏడాది మూటలోంచి ఒక నీలం స్కర్టు తీసి పరచగానే చేయి ఆగింది. అది అక్షితది. కిందటి జూన్‌లో నేనే కుట్టాను; అడిగి మరీ జేబు పెట్టించుకున్నది ఆ పిల్ల ఒక్కతే. వానాకాలంలో ఆ పిల్లకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు కావాలంటే వాళ్ల గల్లీలోని మగవాళ్లంతా దవాఖానకు పోయి వరుసలో నిలబడ్డారు. పిల్ల దక్కలేదు. వాళ్లమ్మ స్వరూప మా పోచంపల్లి వైపు మనిషే. పోయినవాళ్ల బట్టలు ఇంకొకరి బిడ్డకు తొడగడం మాలో లేదు. ఎన్నో నెలలు బీరువాలో దాచుకొని, చివరికి ఎవరికీ చెప్పకుండా పెట్టెలో వేసినట్టుంది.

ఆ స్కర్టు ప్రిస్కిల్ల అనే పిల్ల కొలతకు దగ్గరగా ఉంది. హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పాను. ఆమెది గుంటూరు వైపు.

"చెప్పకండి మాస్టారూ. బట్ట బట్టే కదా. తెలిస్తే ఆ పిల్ల బడికి రాదు. అసలే ఆ ఇల్లు ఎలా ఉందో మీకు తెలుసు" అంది.

తెలుసు. ప్రిస్కిల్ల నాన్న బాటసింగారం పండ్ల మార్కెట్లో హమాలీ. ఎండాకాలం మొదట్లో లారీ మీంచి పడి నడుము విరిగింది, మంచం మీదే ఉన్నాడు. అప్పటినుంచి కాలనీలో ఒకరు బియ్యం, ఒకరు కూరగాయలు ఇస్తున్నారు. స్కూలువాళ్లు ఫీజు అడగడం మానేశారు. తల్లి సునీత ఎల్బీ నగర్‌లో ఒక దవాఖానలో ఊడ్చే పని చేస్తుంది.

తల్లీకూతుళ్లు కొలతకు వచ్చారు. స్కర్టు తొడుక్కొని పిల్ల మురిసిపోయింది.

"అమ్మా, దీనికి జేబున్నది."

"జేబుంటే ఏం పెడ్తవే? నీ దగ్గర ఏమున్నదని?" అని సునీత నవ్వింది.

నడుము సరిపోయింది. పొడుగు కొంచెం తక్కువైంది. "మార్జిన్ ఇప్పుతా, సరిపోతది" అన్నాను. పిల్లలు పెరుగుతారని స్కర్టు కింద నాలుగు వేళ్ల గుడ్డ లోపలికి మడిచి కుడతాం. దాన్నే మార్జిన్ అంటాం. ఏడాదికింత విప్పుకుంటూ పోతారు.

పిల్ల మార్చుకుని వచ్చాక సునీత స్కర్టు ఒళ్లో పెట్టుకుని అంచు తిరగేసి చూసింది. మడతలోకి వేలు పెట్టింది. ముఖంలో నవ్వు పోయింది.

"నువ్వు బయట నిలబడు బిడ్డ" అని కూతుర్ని పంపించి, నా వైపు తిరిగింది. "మాస్టర్, నేను చిన్నప్పటిసంది ఒకరు ఇడిచినయే కట్టిన. పొట్టిదయితేనే ఎవరన్న ఇస్తరు. ఇచ్చేలోపల మడతలన్ని ఇప్పేసి ఉంటరు. ఇది ఒక్కసారి గూడ ఇప్పలేదు. గీ పిల్ల ఎటు పోయింది?"

వేరే ఊరికి పోయారని చెప్పొచ్చు. మా ఆవిడ పోయి అప్పటికి రెండేళ్లు. ఆమె బట్టల గురించి ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పగలనా అనిపించింది. చెప్పలేననిపించింది.

"చనిపోయిందమ్మా" అన్నాను. "డెంగీ."

ఆమె స్కర్టు మడిచి మిషన్ మీద పెట్టింది.

"మా పాస్టరయ్య గిసొంటి భయాలు పెట్టుకోవద్దంటడు. ప్రార్థన గూడ చేస్తడు. గని నాకు పోలే" అంది.

"కొత్తది కుడ్తా. గుడ్డ నేను పెట్టుకుంట."

"ఎంతమంది దగ్గర తీసుకోవాలె మాస్టర్? బియ్యం మీయే, కూరలు మీయే. వద్దు. పిల్లను ఊరికి తోలుత. మా అమ్మ దగ్గరుండి అక్కడి సర్కారు బడికి పోతది."

తోలితే పిల్ల మళ్లీ రాదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. గుమ్మం దాకా పోయి ఆగింది.

"ఆ తల్లి నన్ను చూసి, నోటితోని ఏసుకొమ్మంటే ఏస్త. ఎవరో ఏందో తెల్వకుంట వద్దు."

నియమం పక్కన పెట్టి తల్లీకూతుళ్లను అక్షిత ఇంటికి తీసుకెళ్లాను. స్వరూప తలుపు తీసి మా ముగ్గుర్నీ చూసింది. తర్వాత నా చేతిలోని స్కర్టును చూసింది. లోపలికి రమ్మనలేదు.

సునీతే మాట్లాడింది. "అక్కా, ఇది నా బిడ్డ. నువ్వు ఏసుకొమ్మంటే ఏసుకుంటది. లేకుంటే లేదు. నాకేం కోపం లేదు."

స్వరూప పిల్లను తల నుంచి పాదాల దాకా చూసింది.

"ఏ క్లాసు?"

"ఏడు, ఆంటీ."

స్వరూప తలుపు పట్టుకుని నిలబడింది. అక్షిత కూడా ఆ ఏడాది ఏడో క్లాసుకే రావలసింది.

"ఏసుకో బిడ్డ" అంది. తర్వాత చాలా మెల్లగా, "గని మా గల్లీల నుంచి పోకు."

తలుపు మూసుకుంది.

సునీత వాళ్లున్న గది నుంచి స్కూలుకు దగ్గరి దారి ఆ గల్లీయే. తిరిగొచ్చేటప్పుడు నేను ఏదో సర్దిచెప్పబోయాను. సునీత చెప్పనిచ్చింది గానీ వినలేదు. "చుట్టు తిరిగి పోతది. కాళ్లున్నయి కద" అంది.

ఆ సాయంత్రమే మార్జిన్ విప్పాను. లోపలి గుడ్డకు ఎండ తగల్లేదు, రాపిడి తగల్లేదు. కింద ముదురు నీలం పట్టీలాగా కనిపించింది. ఎంత ఇస్త్రీ చేసినా పాత మడత గీత పోలేదు.

ఆ ఏడాదంతా ప్రిస్కిల్ల మెయిన్ రోడ్డు మీదుగా, బస్సుల పక్కన నడుచుకుంటూ నా షాపు ముందు నుంచే బడికి పోయింది. వానల్లో రోడ్డు మునిగిన రోజున కూడా గల్లీ వైపు తిరగలేదు. స్వరూప ఆ పిల్ల గురించి నన్నెప్పుడూ అడగలేదు. ఆమె కొంచెమైనా తేరుకుందని కూడా నేను చెప్పలేను. బియ్యం ఇచ్చినవాళ్లలో ఒకావిడ, "ఆ పిల్లకు బుద్ధి లేదా, దగ్గరి దారి ఉండంగ రోడ్డు మీద ఎందుకు పోతది?" అని నా దగ్గరే విసుక్కుంది. నేను కత్తెర తీసుకుని గుడ్డ కోస్తూ ఉండిపోయాను.

సాయం ఇచ్చే చేతి నుంచి తీసుకునే చేతికి పోయేదనీ, అక్కడితో అయిపోతుందనీ అనుకునేవాణ్ని. తీసుకున్నవాళ్లు కూడా ఇస్తారని ఆ ఏడు తెలిసింది. మేం ఇచ్చినవాటికి స్కూలు మైకులో కృతజ్ఞతలు చెప్పింది. ఆ పిల్ల రోజూ వదిలేసిన దారి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు.