పూర్తి పేరు, ఇంటి నంబరు

తొంభైల మొదట్లో ఢిల్లీలో ఒక తెలుగు బడిలో పదో తరగతికి పౌరశాస్త్రం చెప్పేవాణ్ణి. నేను బళ్లో చదివింది ఐదో తరగతి దాకానే. మిగతాదంతా అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతూ నేర్చుకున్నదే. ఉన్న మాస్టారు మానేస్తే, పరీక్షల దాకా చెప్పిపెట్టమని హెడ్మాస్టరు బతిమాలాడు. డిగ్రీలున్నవాళ్లు ఆ పాఠం మార్కుల కోసం చెబుతారు. నేను నమ్మి చెప్పాను. వచ్చిన చిక్కంతా అదే.

"మీ వీధిలో ఏం పాడైందో చూసి సర్కారుకు అర్జీ రాయండి. పూర్తి పేరు, నాన్న పేరు, ఇంటి నంబరు ఉండాలి. పేరు లేని అర్జీ పిరికివాడి పని" అన్నాను.

ఒకమ్మాయి మాత్రం ఖాళీ కాగితం ఇచ్చింది.

"మీ వీధిలో అన్నీ బాగున్నాయా?"

"లేదు మాస్టారూ. గుమ్మం ముందు మురుగు పొంగుతోంది."

"మరి రాయడానికేం? భయపడేవాళ్లకి హక్కులెందుకమ్మా?"

క్లాసంతా నవ్వింది. ఆ పిల్ల నిలబడే గబగబా రాసిచ్చింది. అర్జీలన్నీ నేనే సర్కారు ఆఫీసుకు మోసుకెళ్లి, ముట్టినట్టు ముద్రలు వేయించుకొచ్చాను.

మూడోనాడు ఆ పిల్ల నాన్న బడి గేటు దగ్గర నన్ను పట్టుకున్నాడు. ప్రైవేటు కంపెనీలో టైపిస్టు, గోదావరి జిల్లా మనిషి.

"ఎంత పని చేశారండీ మాస్టారూ! ఆ క్వార్టరు మాది కాదండీ."

సర్కారు దాన్ని ఇచ్చింది ఎవరో గుమాస్తాకి. ఆయన మయూర్ విహార్‌లో సొంత ఫ్లాటులో ఉంటూ, దీన్ని వీళ్లకు గుట్టుగా అద్దెకిచ్చాడు. సొంతిల్లున్నవాడికి క్వార్టరు, లేనివాడికి దొంగబతుకు! తలుపు మీద ఆయన పేరే. ఎవరడిగినా "అంకుల్ ఊరెళ్లారు, మేం చుట్టాలం" అనాలని పిల్లకు నేర్పారు. ఇప్పుడా నంబరు కింద ఇంకో పేరు నా చేతుల మీదుగా సర్కారుకే అందింది. తనిఖీకొస్తే సామాను రోడ్డు మీదే. పిల్లకు నెలలో బోర్డు పరీక్షలు.

మర్నాడే ఆఫీసుకు పరుగెత్తి, ఆ అర్జీ వెనక్కిమ్మన్నాను.

"వాపసా? అర్జీ ఎవరైనా వాపసు అడుగుతారా మాస్టర్‌జీ?" అక్కడి గుమాస్తా కళ్లద్దాల మీంచి చూశాడు. "ఏంటి గడబిడ?"

"ఏం లేదు. పిల్ల రాత కదా, తప్పులున్నాయి."

"ఉండనీండి. నంబరు పడి ముందుకెళ్లిపోయింది."

ఎవరి బల్ల మీదికో అడిగితే అనుమానం పెరుగుతుందని వచ్చేశాను. ఆ రోజు నుంచీ బడి అయ్యాక ఆ పిల్ల ఉండే వీధిలోంచే ఇంటికెళ్లేవాణ్ణి. మలుపు దగ్గర ఆగేవాణ్ణి. మంచాలు, ట్రంకుపెట్టెలు బయట లేవు కదా అని చూసుకుని, అప్పుడు ముందుకు నడిచేవాణ్ణి.

ఒక శనివారం ధైర్యం చేసి వాళ్లింట్లోకే వెళ్లాను. టీ చేతికిచ్చారో లేదో, బయట స్కూటరు ఆగింది. తండ్రి వంటింట్లోకి తప్పుకున్నాడు. తలుపు ఆ పిల్లే తీసింది. వచ్చినవాడి చేతిలో కాగితం. దాని మీద నేను వేయించిన ముద్రే.

హిందీలో వాళ్ల నాన్న పేరు చదివి, "ఈయన ఇక్కడుంటారా?" అన్నాడు.

"నహీ భయ్యా. ఆ పేరుగలవాళ్లు ఎవరూ లేరు."

"మురుగు బాగుచెయ్యమని రాశారే! పనివాళ్లని తెచ్చాను. ఆయన సంతకం పెడితే మొదలెడతాం."

వెనకాల ఇద్దరు మనుషులు పొడుగాటి వెదురుబద్దలు భుజాన వేసుకుని నిలబడున్నారు. తనిఖీ కాదు, ఏమీ కాదు. అయినా ఆ పిల్ల మాట మార్చలేదు. మార్చడానికి దారేది?

"ఎవరో తప్పు నంబరు వేసుంటారు."

వాడు నా వైపు తిరిగాడు. "అంకుల్, మీకు తెలుసా ఈయన?"

"తెలియదు" అన్నాను.

వాడు కాగితం మీద ఏదో గీకి, పనివాళ్లని తీసుకుని వెళ్లిపోయాడు. తండ్రి ఇవతలికొచ్చి, "బతికించావు తల్లీ" అంటూ కుర్చీలో కూలబడ్డాడు.

ఆ పిల్ల గొళ్లెం పెట్టి నా దగ్గరకొచ్చింది.

"ఆ ఒక్క ఆఫీసుకేనా మాస్టారూ? ఇంకెక్కడికైనా పంపారా?"

"లేదమ్మా."

నమ్మినట్టు లేదు. మళ్లీ వెళ్లి గొళ్లెం సరిగ్గా పడిందో లేదో లాగి చూసుకుంది.